పాప్రికా – ప్రపంచపు వంటలలో రంగు కొరకు పెంచిన మిరప

మిరపకాయ అనగానే మనకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది కారము. పచ్చడి నూరినను, పులుసు కాచినను, ఆవకాయ కలిపినను ఇల్లాలు మొదట చూచునది కారము సరిపోయినదా లేదా అనియే. రంగు సంగతి ఆ తరువాతిది. అయితే ఈ మిరపకాయనే రంగు కొరకును, కమ్మని వాసన కొరకును, ఒకవిధమైన తియ్యని రుచి కొరకును పెంచి, ఎండబెట్టి, పొడిచేసి, ఆ పొడినే తమ దేశపు వంటలకు ఆధారముగా చేసికొన్న ప్రజలు లోకమున కలరు. ఆ పొడికి పాప్రికా అని పేరు. హంగరీ దేశమున ఈ పొడి లేని వంటిల్లు కానరాదు. స్పెయిన్ దేశమువారు దీనినే పిమెంతోన్ అందురు.

మిరప పండించు గ్రామముల పంచాయతీ సభ్యులు ఈ పాప్రికా వృత్తాంతమును తెలిసికొనుట కేవలము కాలక్షేపమునకు కాదు. పేదవాని పెరటిలో పెరిగిన ఒక పంట దేశమునకు ఎట్లు కీర్తి తెచ్చినదో, ఆ కీర్తి కొందరి దురాశ వలనను, అజాగ్రత్త వలనను ఎట్లు కొద్ది దినములలో మట్టిపాలైనదో ఈ వృత్తాంతము చెప్పును. ఆ అపకీర్తిలో మన దేశపు కారమునకు గూడ పాలు కలదు. కావున ముందు పాప్రికా అననేమో, అది ఎచ్చటినుండి ఎచ్చటికి పోయినదో, ఏయే వంటలలో ఎట్లు చేరినదో చూచి, పిదప మన కళ్లముల సంగతికి వత్తము.

ఒకే జాతి, రెండు గుణములు

పాప్రికా అనునది వేరొక మొక్క కాదు. మన గుంటూరు సన్నము, బ్యాడగి కాయ, కూరలలో వాడు పెద్ద బుట్ట మిరప, హంగరీవారి పాప్రికా, ఇవి యన్నియు కాప్సికమ్ ఆన్యుమ్ అను ఒకే జాతికి చెందినవి. ఒక తల్లి బిడ్డలే వేరు వేరు ఊళ్లలో స్థిరపడి వేరు వేరు వృత్తులు నేర్చినట్లు, ఒకే జాతి మిరప ఆయా దేశముల నేలలలో, ఆయా రైతుల ఎంపికలో వేరు వేరు గుణములు పొందినది.

మిరపకాయలో కారమునకు కారణమైన పదార్థము కాప్సైసిన్. ఇది గింజలలో పుట్టునని పలువురు తలంతురు గాని, నిజమునకు గింజలను పట్టియుండు తెల్లని ఈనెయందు పుట్టును. ఈనెను అంటియుండుట చేతనే గింజకు కారము సోకును. రంగునకు కారణమైన పదార్థములు వేరు. అవి కాయ కండలో నుండును. వానిలో ముఖ్యమైనది కాప్సాంథిన్. 1927లో జెక్‌మైస్టర్, చోల్నకీ అను ఇద్దరు హంగరీ రసాయన శాస్త్రజ్ఞులు దీనిని పాప్రికా నుండి వేరుచేసిరి. కారమొకచోట, రంగొకచోట ఉన్నందువలన, ఈనెను తీసివేసి కండను మాత్రము పొడిచేసినచో రంగు నిలిచి కారము తగ్గును. పాప్రికా పరిశ్రమకంతకును ఈ చిన్న సత్యమే పునాది.

ఈ రెండు గుణములను కొలుచుటకు రెండు కొలతలు కలవు. 1912లో విల్బర్ స్కోవిల్ అను అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు కారమును కొలుచు విధానమును కనుగొనెను. మిరప సారమును పంచదార నీటితో పలుచన చేయుచు, నాలుకకు కారము తెలియని స్థితి వచ్చువరకు ఎన్ని రెట్లు నీరు కలుపవలసివచ్చినదో ఆ సంఖ్యయే దాని కారపు కొలత. గుంటూరు సన్నపు కారము ఈ కొలతలో సుమారు 35,000 నుండి 40,000 వరకుండును. తియ్యని పాప్రికా కొన్ని వందలు దాటదు. కొన్నిటి కారము దాదాపు సున్నయే. రంగునకు అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ వారి కొలత వాడుకలో నున్నది. మంచి పాప్రికా ఈ కొలతలో 100కు పైబడియుండును. ఎగుమతి బేరములలో ‘రంగెంత?’ అని వ్యాపారి అడుగునది ఈ సంఖ్యనే.

మెక్సికో నుండి హంగరీ మైదానములకు

మిరప పుట్టినిల్లు అమెరికా ఖండము. మెక్సికో ప్రాంతపు ప్రజలు వేలాది సంవత్సరములనుండి దీనిని సాగుచేయుచుండిరి. మిరియముల దేశమునకు సముద్రమార్గము వెదకుచు బయలుదేరిన కొలంబసు, మిరియములు దొరకక, మిరపను చూచి, 1493లో స్పెయిన్‌కు తిరిగి వచ్చెను. మిరియమునకును మిరపకును చుట్టరికము లేదు. మిరియము తీగకు కాయును. మిరప చిన్న చెట్టునకు కాయును. అయినను రెండును నాలుకను మండించును గనుక, ఐరోపావారు పాత పేరునే క్రొత్త కాయకు తగిలించిరి.

ఆ కాలమున తూర్పు ఐరోపాలో తుర్కుల ఏలుబడి విస్తరించుచుండెను. 1541లో హంగరీ రాజధానియైన బుడా నగరము వారి వశమై, సుమారు నూట యేబది సంవత్సరములు వారి చేతిలోనే యుండెను. తుర్కుల రాజ్యము మీదుగా మిరప హంగరీ చేరినది. హంగరీవారు మొదట దీనిని తుర్కుల మిరియము అని పిలిచిరి. బాల్కను దేశముల స్లావు భాషలలో మిరియమును పపర్ అందురు. దానినుండియే పాప్రికా అను మాట పుట్టినది.

ఇచ్చట మన భాషను గూడ ఒకమారు తలచుకొనుట సమంజసము. పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దమున మిరప మన దేశమునకు వచ్చినపుడు, అప్పటివరకు మిరియముతో కారము చేసికొను తెలుగువారు, మిరియమును పోలిన పేరునే దీనికి పెట్టుకొనిరి. ఎన్నడును ఒకరినొకరు చూచి యెరుగని రెండు జాతులవారు ఒకే విధముగా నామకరణము చేసిరి.

హంగరీలో మొదట పాప్రికా ధనవంతుల బల్లమీదికి రాలేదు. మిరియము దూరదేశమునుండి వచ్చు ఖరీదైన సరకు. పాప్రికా పెరటిలో కాయును. కావున పశువుల కాపరులు, పల్లెకారులు, చిన్న రైతులు దీనిని వాడుకొనిరి. 1806లో ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ ఇంగ్లండుతో వర్తకమును నిషేధించినప్పుడు సముద్రముమీదుగా వచ్చు మిరియమునకు కరవు ఏర్పడినది. అప్పుడు గొప్పవారి వంటవారు గూడ పాప్రికావైపు చూచిరి. పేదవాని పొడి ఈ విధముగా అందరి యిండ్లకు ప్రాకి, 19వ శతాబ్దము ముగియులోపల హంగరీ జాతికే గుర్తుగా నిలిచినది.

సెగెడ్, కలోచా రైతుల కృషి

హంగరీ దక్షిణ భాగమున తీసా నది ఒడ్డున సెగెడ్ నగరమును, దాన్యూబు నదికి సమీపమున కలోచా పట్టణమును కలవు. ఈ రెంటి పరిసర గ్రామములే పాప్రికాకు పేరెన్నికగన్నవి. అచ్చట వేసవి వేడిగా నుండును గాని, శీతకాలము అతి కఠినము. కావున మంచు కురియుటకు ముందే కాయ పండి చేతికి రావలెను. సెప్టెంబరు మాసమున కోతలు ప్రారంభమగును.

కోసిన కాయను వారు వెంటనే పొడి చేయరు. దారమునకు గ్రుచ్చి, పొడవైన దండలుగా కట్టి, ఇంటి చూరు క్రింద గోడలకు వ్రేలాడదీయుదురు. తెల్లని గోడలమీద ఎర్రని దండలు వరుసగా నిండియుండుట కలోచా గ్రామములకు శోభ. అయితే ఇది శోభ కొరకు చేయుపని కాదు. కోసిన పిదప గూడ కొన్ని వారములపాటు కాయలో రంగు పెరుగుచునే యుండును. గాలి యాడుచోట, నేల తగులకుండ, వాన తడియకుండ వ్రేలాడుట వలన కాయ కుళ్లక, బూజు పట్టక, నెమ్మదిగా ఆరును. ఈ పద్ధతిని మనము గుర్తుంచుకొనవలెను. దీని అవసరము ముందు తెలియగలదు.

ఆరిన కాయను చీల్చి, ఈనెను, గింజలను వేరుచేయుట పూర్వము స్త్రీలు చేతితో చేయు శ్రమ. ఆ ఘాటునకు కన్నులు, చేతులు మండుచుండ దినమంతయు కూర్చుండి వారు ఈ పని చేసెడివారు. 1859లో సెగెడ్ నగరమున పాల్ఫీ సోదరులు ఈ పనికి యంత్రము నేర్పరచిరి. దానితో కారము తక్కువయైన పొడి విరివిగా లభించి, పరదేశములవారు గూడ దీనిని కొనసాగిరి. 20వ శతాబ్దమున సస్య శాస్త్రజ్ఞులు ఈనెయందే కారము లేని తియ్యని రకములను ఎన్నుకొని పెంపొందించిరి. అప్పటినుండి ఈనె తీయు శ్రమ చాలవరకు తొలగినది.

విసరుటలో గూడ ఒక నేర్పు కలదు. తీసిన గింజలను కడిగి, ఆరబెట్టి, కొంత పాలు మరల కండతో కలిపి రాళ్లమధ్య విసరుదురు. గింజలో నూనె యుండును. రాళ్ల రాపిడికి పుట్టిన వేడిచే ఆ నూనె బయటికి వచ్చి, కండలోని రంగును కరగించి, పొడి అంతటికి నిగనిగలాడు కాంతి నిచ్చును. వేడి మించినచో రంగు మాడి గోధుమవర్ణమగును; చాలనిచో పొడి వెలవెల బోవును. ఆ హద్దు నెరిగిన మరకారునికి అచ్చట మిక్కిలి గౌరవము.

పొడిని వారు తరగతులుగా విభజింతురు. మృదువైన రుచిగల చెమెగె, తియ్యని ఏదెష్‌నెమెష్, కొంచెము కారముగల రోజా, మిక్కిలి కారముగల ఎరోష్ మొదలగునవి ఆ తరగతుల పేర్లు. కొనువాడు పేరు చూచి సరకు గుణమును తెలిసికొనగలడు. సెగెడ్, కలోచా పొడులకు ఐరోపా సమాజము రక్షిత నామముల హోదా నిచ్చినది. వేరొకచోట పండినదానికి ఆ పేరు పెట్టి అమ్ముట చట్టవిరుద్ధము.

ఒక శాస్త్రజ్ఞుని భోజనము

పాప్రికా కథలో ఒక ముచ్చట కలదు. సెగెడ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ సెంట్-జార్జీ అను శాస్త్రజ్ఞుడు 1930వ దశాబ్దపు తొలినాళ్లలో సి విటమినును గూర్చి పరిశోధించుచుండెను. పరీక్షలకు చాలినంత పదార్థము ఆయనకు లభించుట లేదు. ఒకనాటి రాత్రి భార్య పచ్చి పాప్రికా వడ్డింపగా, తిన మనస్కరింపక, ఆ కాయను ప్రయోగశాలకు పట్టుకొనిపోయి పరీక్షించితినని ఆయనయే పిమ్మట చెప్పుకొనెను. ఆ కాయనిండ ఆయన వెదకుచున్న పదార్థమే యుండెను! కొద్ది వారములలో కిలోకు పైగా శుద్ధమైన సి విటమినును ఆయన వేరుచేయగలిగెను. 1937లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి ఆయనకు లభించినది. ఊరి పెరటిలోని కాయయే జగద్విఖ్యాతమైన పరిశోధనకు సామగ్రియైనది. అయితే ఈ విటమిను పచ్చికాయలో సమృద్ధిగా నుండునే గాని, ఎండించి దాచిన పొడిలో అంతగా నిలువదని గ్రహింపవలెను.

వంటలో దీని స్థానము

హంగరీ వంటలలో జగత్ప్రసిద్ధమైనది గుయాష్. ఆ మాటకు పశువుల కాపరి అని అర్థము. మైదానములలో మందలను కాయువారు ఇనుప బానలో మాంసము, ఉల్లిపాయలు, పాప్రికా వేసి కాచుకొను పులుసే ఇది. సెగెడ్ ప్రాంతపు పల్లెకారులు నదిలోని చేపలతో ఇదే విధముగా హలాస్లే అను ఎర్రని పులుసు కాతురు. కోడిమాంసమును పాప్రికాతో ఉడికించి పుల్లని మీగడ చేర్చుట మరియొక వంటకము.

వీని యన్నిటికిని ఒకే మూలసూత్రము కలదు. కొవ్వులో ఉల్లిపాయలను బంగారువన్నె వచ్చువరకు వేయించి, పాత్రను పొయ్యి మీదినుండి దించి, అప్పుడు పాప్రికా చల్లి, కలియబెట్టి, వెంటనే నీరో మాంసమో చేర్చవలెను. రంగు నూనెలో కరగునే గాని నీటిలో కరగదు. కావున కొవ్వు కావలెను. పాప్రికాలో చక్కెర యున్నది; కావున మంటమీద మాడి చేదెక్కును, అందుచే పాత్రను దింపవలెను. ఈ సూత్రము మనకు క్రొత్త గాదు. ఆవకాయ జాడీలో నూనె ఎర్రగా పైకి తేలుట ఈ ధర్మము వలననే. పోపులో కారము వేయువేళ మన గృహిణులు పొయ్యి తగ్గించుట గూడ ఇందుకొరకే.

అయితే వాడుకలో ఒక భేదము కలదు. మన కారము చిటికెలలోను, చెంచాలలోను కొలువబడును. మితిమీరినచో కూర నోట పెట్టరాదు. తియ్యని పాప్రికా గుప్పెళ్లతో వేసినను నోరు మండదు. కావున అది వాసనకు చేర్చు సంభారముగా మాత్రమే గాక, పులుసునకు చిక్కదనము నిచ్చు పదార్థముగా గూడ ఉపయోగపడును.

స్పెయిన్ దేశపు ఎస్త్రెమదూరా ప్రాంతమున లా వెరా అను లోయ కలదు. అచ్చట శరత్కాలమున వానలు పడును గనుక ఎండలో కాయ నారబెట్టుటకు వీలు లేదు. రైతులు దీనికొక ఉపాయము నవలంబించిరి. చిన్న యిండ్లు కట్టి, నడుమ సందులుగల చెక్కల అటక వేసి, దానిమీద కాయలు పరచి, క్రింద ఓక్ కట్టెలతో సన్నని మంట పెట్టుదురు. పది పదునైదు దినములు పొగలో ఆరుచుండ ప్రతిదినము చేతితో కాయలను త్రిప్పుదురు. ఆ పొగ వాసన పొడిలో నిలిచి, లా వెరా పిమెంతోన్‌కు ఎచ్చటను లేని ప్రత్యేకతను కలిగించినది. వానయను కష్టమునే వారు ఈ విధముగా లాభముగా మార్చుకొనిరి. అదే దేశమున ఎండలు మెండుగా గల ముర్సియా ప్రాంతమువారు గుండ్రని కాయలను ఎండలోనే ఆరబెట్టుదురు. తియ్యనిది, మధ్యమము, కారము అని లా వెరా పొడిలో మూడు రకములు కలవు. చోరీసో అను పందిమాంసపు వంటకమునకు ఎర్రదనము, వాసన, నిలువయుండు గుణము ఈ పొడివలననే వచ్చును. ఉడికిన బంగాళాదుంపలమీద, ఆక్టోపస్ మాంసముమీద దీనిని చల్లుకొని తినుట స్పెయిన్‌లో వాడుక.

మధ్యధరా సముద్రము దాటి మొరాకో దేశమునకు పోయినచో, జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మరసములతో పాప్రికా కలిపి చెర్మూలా అను ముద్ద నూరి చేపలకు పట్టింతురు. అమెరికా దేశమున ఉడికించిన గ్రుడ్లమీద అందము కొరకు చిటికెడు పాప్రికా చల్లుదురు. ఒకే పొడి ఒకచోట వంటకు ప్రాణము, మరియొకచోట అలంకారము మాత్రమే.

కంటికి కనబడని పాప్రికా

నేడు ప్రపంచమున వాడబడు పాప్రికాలో చాలభాగము పొడి రూపమున గాక సారము రూపమున పోవుచున్నది. ఎండిన కాయనుండి రంగును ద్రావకములతో తీసి, చిక్కని ఎర్రని తైలముగా చేయుదురు. డబ్బా ఆహారములు, మాంసపు వంటకములు, జున్ను, చిరుతిండ్లు, సాసులు మున్నగువానికి ఈ తైలమే రంగు నిచ్చును. ఐరోపాలో ఆహారపు పొట్లములమీద ఇ 160 సి అను గుర్తు కనబడినచో అది పాప్రికా రంగేయని తెలియవలెను. గ్రుడ్డులోని పచ్చసొన నిండైన వన్నె పొందుటకు కోళ్ల దాణాలో గూడ దీనిని కలుపుదురు. ఈనాడు చైనా, పెరూ, స్పెయిన్ దేశములు పాప్రికాను విరివిగా పండించుచున్నవి.

మసాలా సారములు తీయు పరిశ్రమలో మన దేశము ప్రపంచమున అగ్రస్థానమున నున్నది. కేరళ రాష్ట్రమున ఈ పరిశ్రమ బాగుగా వృద్ధిచెందినది. దీనికి కావలసినది రంగు మిక్కుటముగాను, కారము స్వల్పముగాను గల కాయ. కర్ణాటక రాష్ట్రపు హావేరి జిల్లా బ్యాడగి కాయ ఇందుకు ప్రసిద్ధము. ముడుతలు పడిన ఆ కాయ రంగు కొలతలో 100కు పైబడియుండును. మన తెలుగు నేలలో వరంగల్ ప్రాంతపు చపాటా మిరపయు అట్టిదే. పొట్టిగా, ఉబ్బుగా టమాటను పోలియుండుటచే టమాట మిర్చియని గూడ దీనికి పేరు. రంగు ఘనము, కారము తక్కువ. 2025లో ఈ కాయకు భౌగోళిక గుర్తింపు లభించినది. సెగెడ్, కలోచా పేర్లకు ఐరోపాలో గల రక్షణ వంటిదే ఇది. కావున పాప్రికా మనకు పూర్తిగా పరాయి సరకు కాదు. దాని దగ్గరి చుట్టము మన గ్రామములలోనే పండుచున్నది.

పేరు పోగొట్టుకొన్న వృత్తాంతములు

ఎర్రని రంగునకు వెల పెరిగినకొలది, దొంగరంగు కలుపు దుర్బుద్ధియు కొందరిలో పెరిగినది. 1994లో హంగరీ దేశముననే కొందరు పాత పొడికి రంగు తెచ్చుటకై సీసముతో చేసిన సిందూరమును కలిపిరి. సీసము విషము. ఆ పొడి తిన్నవారు పలువురు ఆసుపత్రుల పాలైరి. ప్రభుత్వము పాప్రికా పొడి అమ్మకమును కొంతకాలము నిలిపివేయవలసివచ్చినది. జాతికి గుర్తుగా నిలిచిన పొడిని స్వదేశపు గృహిణులే కొనుటకు జంకిరి.

2003లో మన దేశమునుండి పోయిన మిరప సరకులో సూడాన్-1 అను రంగు కలిసినట్లు ఫ్రాన్స్ దేశమున బయటపడినది. ఇది మైనమునకు, నూనెలకు, బూట్ల పాలిషునకు వాడు రంగు. జంతువులమీద జరిపిన పరీక్షలలో దీనివలన కేన్సరు కలుగునని తేలినది. ఆ సంవత్సరము జూను మాసమునుండి, ఈ రంగు లేదని పరీక్షా పత్రము లేనిదే మిరప సరకును ఐరోపా సమాజము అనుమతింపలేదు. 2005 ఫిబ్రవరిలో ఇంగ్లండున ఒక సాసులో ఇదే రంగు కనుగొనబడెను. దాని మూలమును వెదకగా మన దేశమునుండి పోయిన కారపు పొడి తేలినది. ఆ సాసును కలిపి చేసిన 400కు పైగా ఆహార పదార్థములను దుకాణములనుండి తొలగింపవలసివచ్చినది. ఎక్కడనో ఒక మరలో ఎవరో కలిపిన రంగునకు, కష్టించి పండించిన రైతులందరును అనుమానమునకు గురియైరి.

మూడవ వృత్తాంతమున కలిపినవారెవరును లేరు, ఉన్నది అజాగ్రత్తయే. 2004 అక్టోబరులో హంగరీ ప్రభుత్వము మరల పాప్రికా అమ్మకమును నిలిపివేసినది. పరదేశములనుండి తెచ్చి స్వదేశపు పొడితో కలిపిన సరకులో అఫ్లాటాక్సిన్ అను విషము కనబడుటయే కారణము. కాయ సరిగా ఆరక చెమ్మ నిలిచినచో ఒక జాతి బూజు పట్టును. ఆ బూజు పుట్టించు విషమే ఇది. ఇది కాలేయమును చెరచును, కేన్సరునకు దారితీయును. మామూలు వంట వేడికి నశింపదు. బూజును తుడిచివేసినను విషము కాయలోనే యుండును. ఐరోపా సమాజపు నిబంధన ప్రకారము కిలో మిరపపొడిలో ఈ జాతి విషములన్నియు కలిసి 10 మైక్రోగ్రాములు మించరాదు. అనగా నూరు టన్నుల పొడిలో ఒక్క గ్రాము! ఇంత సూక్ష్మమైన పరీక్షకు మన కళ్లములోని కాయ నిలువవలెను.

పంచాయతీలు చేయదగినది

మిరప ఉత్పత్తిలోను, ఎగుమతిలోను భారతదేశము ప్రపంచమున ప్రథమస్థానమున నున్నది. ఆ దేశమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములది ముఖ్యస్థానము. గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డులకు వచ్చు ప్రతి బస్తాయు ఏదో ఒక గ్రామపు కళ్లమునుండి వచ్చినదే. అఫ్లాటాక్సిన్ యార్డులో పుట్టదు, ఓడలో నెక్కినపిదప అంటుకొనదు; చాలమారులు కళ్లములోనే దానికి బీజము పడును. కనుక దీని నివారణయు గ్రామములోనే ఆరంభింపవలెను.

ముందుగా కళ్లము సంగతి. హంగరీ రైతు చూరునకు వ్రేలాడదీసినను, లా వెరా రైతు అటకమీద పరచినను, ఇద్దరును కాయను నేలకు దూరముగా నుంచిరి. మన పంట విస్తారము గనుక దండలు గ్రుచ్చుట సాధ్యము కాదు. కాని మట్టినేలమీద, రోడ్ల ప్రక్కల ఆరబోయుటను మానవచ్చును. ఎత్తుగా, వాననీరు జారిపోవునట్లు కొంచెము వాలుగా కట్టిన సిమెంటు కళ్లములు ఊరుమ్మడిగా నున్నచో చిన్న రైతులు వంతులవారీగా వాడుకొనగలరు. అవి లేనిచోట శుభ్రమైన టార్పాలిన్ పట్టలు పరచవలెను. పశువులు, కుక్కలు, కోళ్లు రాకుండ చుట్టు కంచె వేయవలెను. సాయంకాలము కాయను కుప్పచేసి, మంచు పడకుండ కప్పి, ఉదయము మరల పలుచగా పరచవలెను.

కాయను ఊపినపుడు గింజ గలగలలాడువరకు ఆరనిచ్చి, చెమ్మ నూటికి పది పదునొకండు పాళ్లకు దిగినపిదపనే బస్తాల కెత్తవలెను. తూకము కొరకు గాని, కాయ విరుగకుండుటకు గాని నీళ్లు చల్లుట చాలచోట్ల ఆచారమైపోయినది. ఆ చెంబెడు నీళ్లే బూజునకు పెంపుడు తల్లి. తాలు కాయలను, బూజు పట్టినవానిని ఏరివేసి వేరుగా నుంచవలెను. ఒక బూజు కాయ మంచి కాయలతో కలిసి మరలో పడినచో పొడి అంతయు చెడును. రంగు, నూనె పూయుమని చెప్పు దళారి మాట వినరాదు. అది ఆహార భద్రత, ప్రమాణముల చట్టము, 2006 ననుసరించి నేరము.

ఇందు పంచాయతీకి అధికారమెక్కడిదని కొందరు శంకింపవచ్చును. 1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలున 29 విషయములు పేర్కొనబడినవి. వానిలో వ్యవసాయము, ఆహార పదార్థములను తయారుచేయు చిన్న పరిశ్రమలు, సంతలు మున్నగునవి కలవు. గ్రామాభివృద్ధి ప్రణాళికను తయారుచేయు వేళ పాఠశాల, మురుగుకాలువ, వీధిదీపములతోపాటు మిరప కళ్లమును గూడ గ్రామసభ ముందుంచవచ్చును. కోతలకు పూర్వమే ఒకనాడు రైతులను, కోతకూలీలను, కౌలుదార్లను సమావేశపరచి ఈ సంగతులను వ్యవసాయాధికారిచే చెప్పింపవచ్చును. తొడిమలు తీయుట, తరగతులుగా ఏరుట మహిళా సంఘములకు పని కల్పించును. సరకును పరీక్ష చేయించదలచినచో గుంటూరునందు సుగంధ ద్రవ్యముల బోర్డు ప్రయోగశాల కలదు.

పాప్రికా రకములను మన పొలములలో వేయవచ్చునా అను ప్రశ్నయు సహజము. తొందరపడుట మంచిది కాదు. కారము తక్కువగల కాయకు స్థానిక సంతలో గిరాకీ తక్కువ. కొనువారెవరో, ఏ ధరకో ముందుగా వ్రాతమూలకముగా నిశ్చయించుకొనిన పిదపనే విత్తవలెను. తియ్యని రకమును కారపు రకము ప్రక్కనే వేసినచో తేనెటీగల వలన పుప్పొడి కలియును. ఆ కాయల గింజలను మరుసటి యేడు విత్తనముగా వాడినచో కారపు కాయలు పుట్టును. ఇట్టి విషయములందు గుంటూరు చెంత లాం పరిశోధనా కేంద్రమువంటి సంస్థల సలహా పొందుట శ్రేయము.

హంగరీలోని కాపరి బానలో పడిన పొడి, లా వెరా లోయలో పొగపట్టిన కాయ, మన ఆవకాయ జాడీలోని కారము, ఇవన్నియు ఒక్క జాతి మొక్క ఫలములే. ఎవరి కాయకు ఎంత పేరు అనునది నేలమీద మాత్రమే ఆధారపడలేదు. కాయ కోసిన దినమునుండి పొడియగు దినమువరకు ఎందరు ఎంత శ్రద్ధ వహించిరో దానిమీద ఆధారపడినది. ఆ శ్రద్ధకు మొదటి మెట్టు కళ్లము. రాబోవు కోతలకు ముందే మన గ్రామమున ఆ మెట్టు గట్టిగా నున్నదో లేదో ప్రతి పంచాయతీ సభ్యుడును ఒకసారి పోయి కన్నులార చూచి రావలెనని మనవి.